పిల్లలకు ఉత్తరం: కాలేబు అడిగిన కొండ

ప్రియమైన పిల్లలూ,

అమ్మమ్మ వందనాలు. యూత్ రిట్రీట్ నుంచి వచ్చాక చిన్నోడు నన్నొక మాట అడిగాడు, అక్కడ దేవుడికి సమర్పించుకునేవాళ్ళు లేచి నిలబడండి అంటే వీడూ నిలబడ్డాడంట, మరి ఇప్పుడు ఈఏపీసెట్ కోచింగ్ మానేయాలా అమ్మమ్మా అని. నవ్వొచ్చింది గానీ అడిగింది మంచి ప్రశ్నే. ఫోన్లో చెప్దామంటే మధ్యలో మీ అమ్మ లాక్కుంటది, అందుకే రాస్తున్నా, అక్కా తమ్ముడూ ఇద్దరూ చదవండి.

కోచింగ్ మానొద్దు. మానితే దేవుడు సంతోషిస్తాడో లేదో గానీ మీ నాన్న మాత్రం ఊరుకోడు.

సమర్పణ అంటే ఏదో ఒకటి మానేయడం అనుకుంటారు చాలామంది, ఈస్టర్ ముందు లెంట్ ఉపవాస రోజుల్లో చికెన్ మానేశాం, సీరియల్ మానేశాం, అయిపోయింది అని. మానితే మంచిదే. కానీ అమ్మ అడిగితే మీరు ఫోన్ ఇస్తారు చూడండి, ఇస్తారు గానీ ఒక యాప్‌కి మాత్రం లాక్ ఉంటది (నాకు తెలీదనుకోకండి), దేవుడి దగ్గర మనం చేసేదీ అదే. ఆ లాక్ అందరికీ ఒకేచోట ఉండదు. మార్కు 10లో ఒకాయన చిన్నప్పట్నుంచి ఆజ్ఞలన్నీ పాటించాడు, యేసు ఆయన్ని చూసి ప్రేమించాడని కూడా రాసుంది, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రా అంటే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. అదే పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తా అంటే మిగతా సగం ఏదీ అని యేసు అడగలేదు. అంటే చూసేది లెక్క కాదు, దేన్ని వదల్లేక పట్టుకుని కూర్చున్నామా అని.

నాకు మాత్రం ఈ విషయంలో బైబిల్లో అందరికంటే ఇష్టమైనవాడు కాలేబు. సండే స్కూల్లో ద్రాక్షగెల బొమ్మకి రంగులేయించి వదిలేస్తారు, అసలు కథ ఆ తర్వాతే ఉంది. మోషే 12 మందిని దేవుడు ఇస్తానన్న కనాను దేశం రహస్యంగా చూసి రమ్మని పంపాడు, 40 రోజులు తిరిగొచ్చారు, పదిమంది అక్కడ పెద్ద పెద్ద మనుషులున్నారు వాళ్ళ ముందు మనం మిడతల్లా ఉన్నాం అన్నారు, కాలేబు, యెహోషువ మాత్రం దేవుడు తోడుంటే వెళ్ళగలం అన్నారు. జనం వీళ్ళని రాళ్ళతో కొట్టమన్నారు. కాలేబు పూర్ణమనస్సుతో నన్ను వెంబడించాడని దేవుడే సాక్ష్యం చెప్పాడు. సరే, దానికి వెంటనే దొరికింది ఏంటి? ఎడారి. నమ్మనిది వాళ్ళు, ఆ శిక్షకి 40 ఏళ్ళు ఎడారిలో తిరిగింది ఈయన కూడా. ఏ తప్పూ చేయకుండా ఆ సణుగుడు జనంతోనే అదే ఇసుకలో, తన ఈడువాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతుంటే చూస్తా, నా వాటా నాకిచ్చేయండి నేను పోతా అనకుండా. నాకు రిట్రీట్లలో చేతులెత్తి ఏడ్చిన రాత్రికంటే ఆ ఏళ్ళే పెద్ద సమర్పణలా కనిపిస్తాయి. గూఢచారిగా వెళ్ళినప్పుడు ఆయనకి 40, వాటాలు పంచుకునే రోజుకి 85. ఆ వయసులో ఎవరైనా నీళ్ళున్న చదును పొలం అడుగుతారు, నేనైతే లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ అడుగుతా, ఈయన మాత్రం అనాకీయులున్న, అంటే ఆ పెద్ద పెద్ద మనుషులున్న, ఆ కొండ ప్రదేశమే నాకివ్వండి అన్నాడు.

ఆ కొండ ప్రదేశంలో ఆయనకి దొరికిన ఊరు హెబ్రోను. మన గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను మందిరం ముందునుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళుంటారు, ఆ పేరు అక్కడిదే. అక్కడ ఉండి సేవ చేసిన భక్త్ సింగ్ గారు పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు, ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళి, తర్వాత కెనడాలో ఉన్నప్పుడు ప్రభువుని తెలుసుకున్నారు. 1933లో బొంబాయిలో దిగితే అమ్మానాన్నలు వచ్చి, నీ విశ్వాసం నువ్వు ఉంచుకో గానీ బయటికి చెప్పకు, ఇంటి పరువు పోతుంది అన్నారు. ఆయన ఒప్పుకోలేదు, వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. చూశారా, ఆయన్ని చదువు వదిలేయమని ఎవరూ అడగలేదు, అడిగింది నోరు మూసుకోమని మాత్రమే, పైకి ఎంత చిన్న విషయంలా ఉందో. సేవ నడిపినన్నాళ్ళూ మనుషుల్ని డబ్బు అడక్కుండా దేవుణ్ణే అడిగారు, 2000లో ఇక్కడ హైదరాబాద్‌లోనే చనిపోయారు.

ఇంకోటి, ఇది పెద్దమ్మాయికి మరీ ముఖ్యం. దేవుడికి సమర్పించుకోవడం అంటే మనుషులకి అప్పగించుకోవడం కాదు. ఎవరైనా వచ్చి నీ పెళ్ళి గురించి నాకు దర్శనం వచ్చింది, నీ జీతం ఫలానా అకౌంట్‌లో వెయ్యి అంటే, ఎంత పెద్ద స్టేజీ ఎక్కే సేవకుడైనా సరే, ఇంటికొచ్చి చెప్పు. బెరయ అనే ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పిందే లేఖనాల్లో ఉందో లేదో వెతికి చూసుకున్నారు, మనకేం పోయింది.

సమస్తం నీకే అని పాట పాడేటప్పుడు కూడా కాస్త ఆలోచించి పాడండి. అపొస్తలుల కార్యాలు 5లో అననీయ అనే ఆయన పొలం అమ్మిన డబ్బు అంతా ఇవ్వలేదని కాదు గొడవ, అమ్మాక కూడా అది నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు, కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు నటించాడు, అదీ తప్పు. ఇవ్వలేకపోతున్నా ప్రభువా అని చెప్పుకున్నా పర్లేదు, ఆయన వింటాడు.

సమర్పించుకున్నాక ఇంకేమీ అడగకూడదేమో అని కూడా అనుకోవద్దు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసే ఈ గిన్నె, అంటే ఈ శ్రమ, తొలగించు అని అడిగాడు, అడిగాకే నా ఇష్టం కాదు నీ చిత్తమే అన్నాడు. కాబట్టి చిన్నోడా, సీటు కావాలని అడుగు, ఏ కాలేజీ కావాలో పేరు పెట్టి మరీ అడుగు, వేరేది వస్తే అందులోకి కూడా ఆయనతోనే వెళ్ళు.

ఈ వారం యెహోషువ 14, 15 అధ్యాయాలు చదవండి. 15లో కాలేబు కూతురు అక్సా గాడిద దిగి వచ్చి, ఎండిన భూమి ఇచ్చావు కదా నాన్నా నీటి మడుగులు కూడా ఇవ్వు అంటుంది, ఆయన మెరక మడుగులు పల్లపు మడుగులు రెండూ ఇచ్చేస్తాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇటు రండి, మటన్ వండుతా, ఇంకా ఏమైనా అడగాలంటే అప్పుడు అడుగుదురు గాని.

మీ అమ్మమ్మ