షుగర్ రక్తనాళాన్ని ఎలా పాడుచేస్తుంది: అపోహలు – వాస్తవాలు

ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లు ఎక్కువగా అడిగేది తిండి గురించే. కన్ను, కిడ్నీ, పాదం ఎందుకు దెబ్బతింటాయో అడిగేవాళ్ళు తక్కువ. ఆ సంగతి తెలిసినవాళ్ళు మందులు మానరని నా నమ్మకం. అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

అపోహ: చక్కెర ఎక్కువైతే రక్తం పాకంలా చిక్కబడి నాళాలు మూసుకుపోతాయి.

మన ఒంట్లో ఉండే సుమారు ఐదు లీటర్ల రక్తంలో మామూలుగా ఉండే గ్లూకోజ్ 4–5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. షుగర్ 300 ఉన్నా 15 గ్రాములకు మించదు. దానితో పాకం కాదు. దెబ్బ తగిలేది నాళం లోపలి గోడకు పరుచుకుని ఉండే ఒకే వరుస కణాలకు. వాటిని ఎండోథీలియం అంటాం.

కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజ్‌ను బాగా లాక్కోవాలంటే ఇన్సులిన్ కావాలి. ఎండోథీలియల్ కణాలకు ఆ అవసరం లేదు. గ్లట్-1 అనే ప్రోటీన్ గుండా గ్లూకోజ్ నేరుగా వాటిలోకి వెళుతుంది. రక్తంలో పెరిగితే కణం లోపలా పెరుగుతుంది, దాన్ని ఆపుకునే శక్తి ఈ కణాలకు లేదు. రెటీనా (కంటి లోపలి తెర), కిడ్నీలోని సన్నని నాళాలు ముందుగా చెడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

లోపలికి వెళ్ళిన అదనపు గ్లూకోజ్, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల రద్దీ పెంచుతుంది. వాటిలో కొన్ని దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేదే సూపర్ ఆక్సైడ్. కణం తట్టుకోగలిగిన దానికంటే ఇలాంటి దాడిచేసే అణువులు (రాడికల్స్) ఎక్కువ తయారవడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఈ కథను ఒక తాటిపైకి తెచ్చినవారు అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్‌లీ. ఆయన ఇచ్చిన వివరణ ప్రకారం సూపర్ ఆక్సైడ్ వల్ల డీఎన్ఏ తెగుతుంది. దాన్ని బాగుచేసే పనిలో గ్లూకోజ్‌ను ఖర్చుచేసే ఒక ముఖ్యమైన ఎంజైమ్ మందగిస్తుంది. పెద్ద కాలువకు అడ్డం పడితే నీళ్ళు పిల్లకాలువల్లోకి మళ్ళినట్టు, గ్లూకోజ్ పక్కదారులు పడుతుంది. ఒక దారిలో సార్బిటాల్‌గా మారుతూ, కణం తన రక్షణకు దాచుకున్న గ్లూటాథయోన్‌ను మళ్ళీ పనికి సిద్ధం చేసే సరుకును వాడేస్తుంది. ఇంకో దారిలో ప్రోటీన్లకు అంటుకుని వాటిని గట్టిపరుస్తుంది. సూపర్ ఆక్సైడ్ మైటోకాండ్రియాలోనే కాక ఇతర ఎంజైముల వల్లా పుడుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అన్నిటికంటే పెద్ద నష్టం నైట్రిక్ ఆక్సైడ్‌కు. నాళం సాగడానికి, ప్లేట్‌లెట్లు గోడకు అంటుకోకుండా ఉండడానికి ఎండోథీలియం తయారుచేసే వాయువు అది. దాని పాత్రను కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. సూపర్ ఆక్సైడ్ దాన్ని పుట్టినచోటే పట్టుకుని పెరాక్సీనైట్రైట్ అనే విషంగా మారుస్తుంది. నాళం బిగుసుకుంటుంది, తెల్లకణాలు గోడకు అతుక్కుంటాయి.

అపోహ: నాకు ఏ బాధా లేదు, కాబట్టి షుగర్ నన్నేమీ చేయడం లేదు.

పైన చెప్పిందంతా నొప్పి లేకుండా జరుగుతుంది. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, షుగర్ ఉందని అప్పుడే తెలిసినవాళ్ళలో దాదాపు సగం మందికి అప్పటికే ఏదో ఒక అవయవంలో దెబ్బ ఆనవాళ్ళు కనిపించాయి. చూపు బాగానే ఉందని కంటి పరీక్ష వాయిదా వేయకండి. ఏడాదికోసారి రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: ఆక్సిడేటివ్ స్ట్రెస్ అయితే యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు వేసుకుంటే సరి.

వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే మెడికల్ షాపుల్లో ఇవి అంత అమ్ముడవుతాయి. హోప్ అనే పెద్ద అధ్యయనంలో 9,500 మందికి పైగా గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ళలో కొందరికి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతావాళ్ళకు మందు లేని బిళ్ళ ఇచ్చారు. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు చాలామంది. సగటున నాలుగున్నరేళ్ళు చూశాక, గుండెపోటు, పక్షవాతం ఏవీ తగ్గలేదని 2000లో తేలింది. మరికొన్నేళ్ళు కొనసాగిస్తే విటమిన్ తీసుకున్నవాళ్ళలో గుండె వైఫల్యం కాస్త ఎక్కువగా కనిపించింది. ఒక విటమిన్ అణువు ఒకటో రెండో రాడికల్స్‌ను ఆపి ఖర్చయిపోతుంది. గ్లూకోజ్ ఎక్కువున్నంతసేపూ కణంలో అవి పుడుతూనే ఉంటాయి. ఉసిరి, ఆకుకూరలు తినండి, మంచిదే. వాటిని నమ్మి మందు మానకండి.

అపోహ: ఫాస్టింగ్ షుగర్ బాగుంది, ఇక చాలు.

పళ్ళెం నిండా అన్నం తినే మన ఇళ్ళలో అసలు పెరుగుదల భోజనం తర్వాతే. 2001లో ఇటలీ పరిశోధకులు బొడ్డుతాడు నాళాల కణాలను రెండు వారాలు పెంచారు. కొన్నిటిని ఎప్పుడూ ఎక్కువ గ్లూకోజ్‌లో ఉంచారు, మరికొన్నిటికి ఒక రోజు 90, మరుసటి రోజు 360 చొప్పున మార్చారు. ఎక్కువ చచ్చిపోయినవి హెచ్చుతగ్గులు చూసిన కణాలే. ఇది ల్యాబ్ ఫలితం, మనుషుల్లో ఆధారాలు ఇంత తేటగా లేవు. అయినా తిన్న రెండు గంటల రీడింగు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూడకుండా నేను ఎవరికీ కంట్రోల్‌లో ఉందని చెప్పను.

అపోహ: తేనె, బెల్లం సహజమైనవి, పర్వాలేదు.

రక్తంలోకి చేరాక గ్లూకోజ్ గ్లూకోజే.

అపోహ: ఇన్సులిన్ మొదలుపెట్టాకే కిడ్నీలు పోతాయి.

ఇది వింటే నాకు చాలా బాధ. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువుండి కిడ్నీ దెబ్బతిన్నాక చివర్లో ఇన్సులిన్ మొదలుపెడతారు, నింద ఇన్సులిన్ మోస్తుంది.

అపోహ: ఇన్నేళ్ళు పట్టించుకోలేదు, ఇప్పుడు తగ్గించి ఏం లాభం?

అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనంలో టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) పేషెంట్లు కొందరు హెచ్‌బీఏ1సీని దాదాపు 7 శాతం దగ్గర, మిగతావాళ్ళు 9 దగ్గర ఉంచుకున్నారు. సగటున ఆరున్నరేళ్ళ తర్వాత, 1993లో అధ్యయనం ముగిసింది. ఆపైన రెండు గుంపులూ దాదాపు 8కి వచ్చి కలిశాయి. అయినా ముందు బాగా చూసుకున్నవాళ్ళకు గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువగా వచ్చాయని 2005లో వెల్లడైంది. కణాలు పాత చక్కెరను గుర్తుంచుకుంటాయన్నమాట. అందుకే జబ్బు తెలిసిన మొదటి ఏళ్ళు చాలా విలువైనవి.

ఆలస్యమైనవాళ్ళకూ తగ్గించడం వల్ల మేలుంది, ముఖ్యంగా కన్ను, కిడ్నీలకు. కాకపోతే వయసు పైబడి గుండెజబ్బు ఉన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీని 6 కిందికి దించాలని పట్టుబట్టకూడదు. 2008 నాటి అకార్డ్ అధ్యయనంలో అలా దించబోతే మరణాలు పెరిగాయి. వాళ్ళకు 7.5 నుంచి 8 మధ్య చాలు, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టి పొగ మాన్పించడం మీద ఎక్కువ దృష్టి పెడతాం.