స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేనట్టేనా?

రోజంతా మెదడు స్కాన్లు చూసి రిపోర్టులు రాయడమే నా పని. రిపోర్టు చేతికి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "నార్మలేగా డాక్టరుగారూ, ఇక భయం లేనట్టేగా?"

అపోహ: ఎమ్మారై నార్మల్‌గా ఉంటే నరాల జబ్బు లేనట్టే.

వాస్తవం: పార్కిన్సన్స్‌నే తీసుకోండి. చెయ్యి వణుకుతూ, నడక మందగించి వచ్చినవాళ్లకూ మామూలు ఎమ్మారై చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. ఎమ్మారైలో తెలిసేది ముఖ్యంగా మెదడు ఆకారం. ఈ జబ్బులో తగ్గిపోయేవేమో డోపమైన్ అనే, కదలికలను నడిపే రసాయనాన్ని తయారుచేసే కణాలు. వాటి సంగతి చూసేది డాట్ స్కాన్. అందులో మెదడు నడుమ రెండు కామా గుర్తులు వెలుగుతూ కనబడాలి. జబ్బు ఉంటే ఆ కామాల తోకలు ముందు మసకబారి, చివరికి చుక్కలు మిగులుతాయి. చాలామందికి ఆ స్కాన్ కూడా అక్కర్లేదు, న్యూరాలజిస్టు చేతులు కదిపించి, నడిపించి చూస్తే తెలిసిపోతుంది. మరి ఎమ్మారై ఎందుకంటారా? అవే లక్షణాలు తెచ్చే వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి.

అపోహ: పక్షవాతం సీటీలో వెంటనే కనబడుతుంది.

వాస్తవం: రక్తస్రావమైతే కనబడుతుంది, తెల్లగా. రక్తనాళం మూసుకుపోతే మాత్రం మొదటి గంటల్లో సీటీ దాదాపు మామూలుగానే ఉండొచ్చు. అయినా ముందు సీటీయే తీస్తాం. నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపు పడాలి, అది ఎక్కించేముందు రక్తస్రావం లేదని తెలియాలి. "సీటీ బాగుంది, ఇంటికెళ్దాం" అనడం అప్పుడు ప్రమాదం.

అపోహ: మతిమరుపు ఏ రకమో స్కానే చెప్పేస్తుంది.

వాస్తవం: జ్ఞాపకాలకు ఆయువుపట్టు హిప్పోకాంపస్. అది ఎంత కుంచించుకుపోయిందో చూసి 0 నుంచి 4 వరకు మార్కు వేస్తాం, 1992 నుంచి వాడుతున్న పద్ధతి. అరవై ఏళ్ల మనిషికి 2 వస్తే కలవరపడతాం. ఎనభై ఏళ్ల పెద్దాయనకు అదే 2 వస్తే వయసు ప్రభావమే కావచ్చు. అల్జీమర్స్ మతిమరుపులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను చూపే పెట్ స్కాన్‌దీ అదే తంతు: జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న పెద్దవాళ్లలోనూ కొందరికి పాజిటివ్ వస్తుంది.

రిపోర్టులో తెల్ల మచ్చలని చూసి బెంగపడేవాళ్లూ ఉన్నారు. వయసు, బీపీ, మైగ్రేన్, వీటన్నిటికీ అలాంటి మచ్చలు పడతాయి. ఇక రేడియేషన్ సీటీకి, పెట్‌కి ఉంటుంది, ఎమ్మారైకి ఉండదు.

స్కాన్‌కి వచ్చేటప్పుడు పాత సీడీ ఉంటే తెచ్చుకోండి. చీటీలో ఊరికే "తలనొప్పి" అని ఉంటే, ఎన్నాళ్లుగా, ఏ పక్క, ఇంకేం ఇబ్బంది అన్నది కూడా రాయమని మీ డాక్టరును అడగండి. కుడిచెయ్యి వణుకుతోందని తెలిస్తే నేను ముందు చూసే చోటే మారిపోతుంది.