‘ఫాస్ట్ హ్యాండ్’ ఉంటేనే మంచి డెంటిస్టా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డెంటిస్ట్ కావాలనుకునేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, క్లినికల్ పోస్టింగులు కొత్తగా మొదలైన విద్యార్థులు తిప్పి తిప్పి అడిగేవి మూడే ప్రశ్నలు. చెయ్యి వణికితే పనికిరామా? పన్ను పీకే బలం లేకపోతే ఎలా? పని త్వరగా చేయలేకపోతే పేషెంట్లు వస్తారా? మొదటి రెండూ ఉత్త భయాలు, సాధనతో పోతాయి. మూడోదాని వెనకున్న అపోహ మాత్రం పేషెంట్‌కూ డాక్టర్‌కూ నిజంగా నష్టం చేస్తుంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: చెయ్యి వేగంగా ఆడేవాళ్లే మంచి డెంటిస్టులు

“కూర్చోగానే అయిపోయింది, తెలియనే లేదు” అని పేషెంట్ మెచ్చుకుంటాడు. పక్కనున్న విద్యార్థి అది విని, సాధించాల్సింది వేగమే అనుకుంటాడు. అనుభవం పెరిగేకొద్దీ వేగం దానంతటదే వస్తుంది. పరికరాలు వాడే వరుసలో ముందే సర్దుకోవడం, అక్కర్లేని కదలికలు తగ్గడం వల్ల వచ్చే వేగం అది. అది రాకముందే తొందరపడితే మిగిలే సమయమంతా ఆగాల్సిన చోట ఆగకపోవడం వల్ల మిగిలిందే. మన పనిలో అలాంటి చోట్లు అడుగడుగునా ఉన్నాయి.

మత్తు ఇంజెక్షన్‌నే తీసుకోండి. కింది దవడలో వెనక పన్నుకు బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే మత్తు) ఇస్తే మామూలుగా 3-5 నిమిషాల్లో పెదవి మొద్దుబారుతుంది. తొందరగలవాళ్లు అప్పుడే డ్రిల్ అందుకుంటారు. పెదవి మొద్దుబారడం వల్ల తెలిసేది మందు సరైన చోట పడిందనే. పల్ప్ (పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం) మొద్దుబారడానికి చాలామందిలో 10-15 నిమిషాలు పడుతుంది. పల్ప్ వాచిపోయి రాత్రంతా నిద్ర లేకుండా వచ్చిన పేషెంట్‌కు బ్లాక్ ఒక్కటే చాలకపోవచ్చు. పన్ను పక్కన చెంప వైపు ఇచ్చే బక్కల్ ఇన్‌ఫిల్ట్రేషనో, పన్నును పట్టి ఉంచే లిగమెంట్‌లోకి ఇచ్చే ఇంట్రాలిగమెంటరీ ఇంజెక్షనో తోడు కావాలి. కోల్డ్ స్ప్రే కొట్టిన దూదిని పన్నుకు ఆనించి, చల్లదనం తెలియడం లేదన్నాకే మొదలుపెట్టండి. పల్ప్ వాచినప్పుడు (పల్పైటిస్) ఈ పరీక్ష కూడా పూర్తి హామీ కాదు, కానీ పెదవిని నమ్ముకోవడం కంటే చాలా నయం.

ఇంజెక్షన్ ఇచ్చే తీరులోనూ ఇదే గొడవ. ముందు ఆస్పిరేట్ చేయాలి, అంటే సిరంజిని కాస్త వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి. 1.8 మి.లీ. మందు కార్ట్రిడ్జ్ ఖాళీ చేయడానికి కనీసం ఒక నిమిషం పట్టాలి. గబుక్కున నెడితే కణజాలం సాగి నొప్పి పుడుతుంది. సూది మొన రక్తనాళంలో ఉంటే మందులోని అడ్రినలిన్ నేరుగా రక్తంలో కలిసి గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. ఆ పేషెంట్ ఇక ప్రతి క్లినిక్‌లోనూ “నాకు మత్తు ఇంజెక్షన్ పడదండీ” అని చెబుతాడు. ఆరా తీస్తే చాలాసార్లు అలర్జీ ఏమీ ఉండదు.

పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్‌లో ఓపికను సెకన్లలో కొలవాలి. ఫాస్ఫోరిక్ యాసిడ్ (37 శాతం) ఎనామెల్ (పన్ను పై పొర) మీద 15-30 సెకన్లు ఉంచవచ్చు, డెంటిన్ (దాని కింది పొర) మీద 15 దాటకూడదు. కడిగాక డెంటిన్‌ను పూర్తిగా ఎండబెట్టకూడదు, పైన తడి మెరుపు మిగలాలి. ఫిల్లింగ్‌ను అంటించే బాండింగ్ ఏజెంట్‌ను బ్రష్‌తో రుద్ది, అందులోని ద్రావకం ఎగిరిపోయేదాకా మెల్లగా గాలి పట్టాలి. మామూలు కాంపోజిట్ అయితే ఒక్కో పొర 2 మి.మీ. మించకుండా వేసి, తయారీదారు చెప్పినంత సేపు దాన్ని గట్టిపరిచే లైట్ పెట్టాలి. చాలా రకాలకు అది 20 సెకన్లు. 5 మి.మీ. లోతు గుంతను ఒక్కసారే నింపేసి లైట్ పెడితే పైన రాయిలా ఉంటుంది, అడుగున మెత్తగానే మిగులుతుంది. ఈ మధ్యలో ఉమ్మి తగిలితే పైపైన తుడిచి కానిచ్చేయడం కుదరదు. కడిగి, ఆరబెట్టి, ఆ పొరను సరిచేశాకే ముందుకెళ్లాలి. రబ్బర్ డ్యామ్ (పన్నుకు ఉమ్మి తగలకుండా కట్టే రబ్బరు తెర) కట్టడానికి పట్టే కొద్ది నిమిషాలకు బద్ధకించేవాళ్లకే ఈ తిప్పలన్నీ. కొరికితే జివ్వుమనడం, కొన్ని నెలలకే ఊడిపోవడం, అంచున కొత్త పుచ్చు. చివరికి నెపం మెటీరియల్ మీదికి పోతుంది.

డ్రిల్లింగ్ కూడా అంతే. టర్బైన్ (గాలితో తిరిగే డ్రిల్) నిమిషానికి 3-4 లక్షల చుట్లు తిరుగుతుంది. నీళ్ల స్ప్రే బర్ (డ్రిల్‌కు బిగించి కోసే ముక్క) కొన మీద పడకుండా ఒత్తిపట్టి కోస్తే ఆ వేడి పల్ప్‌కు చేరుతుంది. జాక్, కోహెన్‌లు 1965లో కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగిన పళ్లలో 15 శాతం కోలుకోలేదు. అందుకే తేలిగ్గా తాకించి, తీసి, మళ్లీ తాకించమనేది. ఎంత చెప్పినా బర్‌ను అదిమి పట్టేవాళ్లు ఉంటూనే ఉన్నారు. బర్ అరిగిపోతే మార్చాలి గానీ చేత్తో ఒత్తి లాభం లేదు.

ఈ ఓపిక పుట్టుకతో రానక్కర్లేదు. గోడ గడియారం పేషెంట్ తల వెనక, మీకు కనబడేలా పెట్టుకోండి. సెకన్లను మనసులో లెక్కపెడితే ఎవరైనా తక్కువే లెక్కపెడతారు. బ్లాక్ పనిచేసేలోపు రబ్బర్ డ్యామ్ క్లాంప్ సరిచూసుకోవడం, ఎక్స్‌రే మళ్లీ చూడటం, చేయబోయేది పేషెంట్‌కు చెప్పడం పూర్తవుతాయి. బయట నలుగురు ఎదురుచూస్తున్నప్పుడు కూడా ఆ పది నిమిషాలను కుదించకుండా ఉండటమే కష్టం. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఆ సమయాన్ని కలుపుకుంటే సగం ఒత్తిడి తీరుతుంది.

అపోహ: చెయ్యి వణికేవాళ్లు ఈ వృత్తికి పనికిరారు

ఈ భయంతో సీటు వదులుకునే పిల్లలను చూస్తే జాలేస్తుంది. సన్నటి వణుకు ప్రతి మనిషి చేతిలోనూ ఉంటుంది. చెయ్యి గాలిలో ఉన్నప్పుడు అది కనబడుతుంది, ఆనిస్తే ఆగుతుంది. పరికరాన్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టి, మధ్యవేలి మెత్తను దాని మీదే ఉంచి, ఉంగరపు వేలిని వీలైనంతవరకు అదే దవడలో పక్క పన్ను మీద ఆనించాలి. చెంప మీదో, కదిలే పన్ను మీదో ఆనిస్తే ఆధారం ఉన్నట్టే అనిపిస్తుంది, అవసరమైన క్షణంలో జారుతుంది. బిగబట్టి పట్టుకుంటే వణుకు ఎక్కువవుతుంది. నిద్ర చాలకపోయినా, ఖాళీ కడుపుతో పనిచేసినా అంతే. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వణుకుతుంటేనో, రోజురోజుకూ పెరుగుతుంటేనో న్యూరాలజిస్ట్‌కు చూపించుకోవాలి, అది వేరే సంగతి.

నిజంగా చూసుకోవాల్సింది ఆకారాల ఊహ. అమెరికా డెంటల్ ప్రవేశ పరీక్షలో ఒకప్పుడు సుద్ద చెక్కించేవారు. తర్వాత దాన్ని తీసేసి, వస్తువును వేర్వేరు కోణాల నుంచి ఊహించగలరా అని చూసే ప్రశ్నలు పెట్టారు. పై దవడ పళ్లలో చాలా పని అద్దంలో చూస్తూ చేయాల్సిందే కదా. కాగితం మీద గీసిన పెట్టెలను అద్దంలో చూస్తూ నింపడం రోజూ కాసేపు చేస్తే కొన్ని వారాల్లో చెయ్యి దారికొస్తుంది.

అపోహ: పన్ను పీకడానికి కండబలం కావాలి

అమ్మాయిలకు ఈ మాట మరీ ఎక్కువ చెబుతారు. పన్నుకూ ఎముకకూ మధ్య లిగమెంట్ మందం 0.2 మి.మీ. చుట్టుపక్కల. ఎలివేటర్ అనే పరికరంతో దాన్ని తెంపి, ఫోర్సెప్స్ (పన్ను పట్టే పటకారు) కొనలను వేరు వైపు లోతుగా నెట్టి, చెంప వైపుకూ నాలుక వైపుకూ మెల్లగా ఊపి, ఆపి పట్టుకుంటే ఎముక గుంత సాగుతుంది. పై ముందు పన్నుకు వేరు ఒక్కటే, గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిప్పవచ్చు. మోలార్‌ను (వెనకటి నమిలే పన్నును) తిప్పితే వేరు విరుగుతుంది. బలం మీద లాగేవాళ్లు పై చివరి మోలార్‌తో పాటు దాని వెనక ఎముక ముక్కను కూడా ఊడదీస్తారు. పన్ను రాకపోతే వేర్లను విడదీసి ఒక్కొక్కటీ తీయాలి.

చిన్నాచితకా అపోహలు

ఎడమచేతి వాటమా? రెండు వైపులా మారే చెయిర్లున్నాయి, అసిస్టెంట్ అటువైపు కూర్చుంటే సరి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా? చాలామందికి కొద్ది వారాల్లో అలవాటవుతుంది. లెక్కల్లో వెనకబడితే డెంటిస్ట్ కాలేరట! ఇదెవరు పుట్టించారో.

అపోహ: మాటకారితనం ఉంటే ప్రాక్టీస్ నిలబడుతుంది

వినడం వస్తే నిలబడుతుంది. “ఎక్కడ నొప్పి?” అని అడిగి, జవాబు మధ్యలోనే నోరు తెరవమంటే “పడుకుంటే ఎక్కువవుతుంది, చల్లనీళ్లు పుక్కిలిస్తే తగ్గుతుంది” అన్న మాట వినబడదు. పల్ప్ గురించి సగం కథ ఆ మాటలోనే ఉంది. భయపడే పేషెంట్‌కు భయాన్ని కొలిచే ఐదు ప్రశ్నల మోడిఫైడ్ డెంటల్ యాంగ్జైటీ స్కేల్ ఇవ్వండి. స్కోరు 5 నుంచి 25 దాకా ఉంటుంది. 19, ఆపైన వస్తే ఆ రోజు మాట్లాడి, పరీక్ష మాత్రమే చేసి పంపడం మంచిది. నొప్పి తట్టుకోలేని స్థితిలో ఉంటే తప్ప పని మొదలుపెట్టవద్దు. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపుతామని చెప్పాక, మొదటిసారి ఎత్తగానే ఆపాలి. “ఒక్క క్షణం, అయిపోయింది” అన్నారంటే ఆ పేషెంట్ మళ్లీ ఆ చెయ్యి ఎత్తడు, కుర్చీలో బిగుసుకుని కూర్చుంటాడు.

మాటకారితనానికి అసలు పరీక్ష రూట్ కెనాల్ చేస్తుండగా పన్ను లోపల ఫైల్ (వేరు లోపలి దారిని శుభ్రం చేసే సన్నటి పరికరం) విరిగిన రోజున వస్తుంది. సన్నటి 10 నంబర్ హ్యాండ్ ఫైల్ సాఫీగా ఆడకముందే రోటరీ (మెషీన్‌తో తిరిగే ఫైల్) దించితే జరిగేది ఇదే, అన్నీ సరిగా చేసినా ఒక్కోసారి జరుగుతుంది. ఎక్స్‌రే తీయండి, ముక్క ఎక్కడుందో పేషెంట్‌కు చూపించండి. తీయడమా, పక్కనుంచి దాటడమా, అక్కడే ఉంచి గమనించడమా, ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ నిపుణుడు) దగ్గరికి పంపడమా అన్నది కుర్చీలోంచి లేవకముందే చెప్పండి. ఫైల్ నంబర్, ముక్క పొడవు, ఏ కెనాల్, ఏం చెప్పారు, పేషెంట్ ఏమన్నారు, అన్నీ అదే రోజు కేస్ షీట్‌లో రాయండి.