మానిటర్ పోలేదు, పడుకుంది

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో, బరంపురంలోనో పర్లాకిమిడిలోనో డీటీపీ షాపు నడుపుకునే మనవాళ్ళ దగ్గర తరచూ వినిపించే కంప్లైంట్ ఒకటుంది. సీపీయూ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, తెర మాత్రం నల్లగా అయిపోతుంది. ఒక విండోలో తెలుగు శుభలేఖ, ఇంకో విండోలో ఒడియా దరఖాస్తు, ఎదురుగా కస్టమర్, ఇక టెన్షన్ మొదలు. వెంటనే కేబుల్ మార్చేస్తారు, ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్దుతారు, అప్పటికీ కాకపోతే మానిటర్‌ని బండి మీద పెట్టుకుని రిపేరుకు తీసుకెళ్తారు. చాలాసార్లు పాడైంది ఏమీ ఉండదు, అది కరెంటు ఆదా సెట్టింగు పనే. కాకపోతే ఆ సెట్టింగు ఒక్కచోట ఉండదు, గొడవంతా అక్కడే. ఎందుకలా అయిందో తెలియాలంటే పెద్ద డబ్బా మానిటర్ల కాలానికి వెళ్ళాలి.

ఆ రోజుల్లో జనం భయపడింది కరెంటు బిల్లుకి కాదు, తెర మీద మచ్చకి. పిక్చర్ ట్యూబులో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే దాని నీడ ఫాస్ఫర్ పూత మీద శాశ్వతంగా ఉండిపోయేది. అందుకే స్క్రీన్‌సేవర్లు వచ్చాయి. వాటివల్ల కరెంటు ఆదా అవుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు గానీ అందులో నిజం లేదు, పైపులు అల్లుకుపోయే ఆ త్రీడీ స్క్రీన్‌సేవర్ అయితే ప్రాసెసర్‌కి లేని పని పెట్టేది.

ఆదా సంగతి మొదలైంది 1992లో. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఎనర్జీ స్టార్ గుర్తు తెచ్చింది, మొదటగా అది కంప్యూటర్లకీ మానిటర్లకీ. పని లేనప్పుడు మానిటర్ 30 వాట్లు మించి తినకూడదన్నది షరతు. 1993లో క్లింటన్ ప్రభుత్వం ఫెడరల్ ఆఫీసులు ఇలాంటి కంప్యూటర్లే కొనాలని ఉత్తర్వు ఇవ్వడంతో, అంత పెద్ద గిరాకీ వదులుకోలేక తయారీదారులంతా దారికొచ్చారు.

మరి మానిటర్‌కి పడుకోమని చెప్పేదెలా? దానికోసం కొత్త తీగ వేయలేదు. వీసా అనే ప్రమాణాల సంఘం (పాస్‌పోర్టు వీసా కాదులెండి) 1993లో డీపీఎంఎస్ అనే పద్ధతి పెట్టింది. వీజీఏ కేబుల్‌లో బొమ్మను అడ్డంగా, నిలువుగా సరిగ్గా నిలబెట్టడానికి హెచ్‌సింక్, వీసింక్ అని రెండు సంకేతాలు ముందునుంచే ఉన్నాయి కదా, వాటినే వాడుకున్నారు. మొదటిది ఆపితే స్టాండ్‌బై, రెండోది ఆపితే సస్పెండ్, రెండూ ఆపితే ఆఫ్. కొత్తగా ఖర్చేమీ లేదు, నిజంగా తెలివైన పని. కానీ దీనిలోనే ఒక చిక్కు పుట్టింది. కేబుల్ ఊడినా రెండు సంకేతాలూ ఆగిపోతాయి, కంప్యూటర్ పడుకోమన్నా ఆగిపోతాయి. దేనివల్ల ఆగాయో మానిటర్ ఒక్కటే చూసుకుని తేల్చుకోవడం కష్టం, బయట నిలబడ్డ మనకి ఇంకా కష్టం.

మన సరిహద్దు జిల్లాల్లో ఈ ఆదా విలువ బిల్లులో కంటే యూపీఎస్‌లో ఎక్కువ తెలిసొచ్చింది. చిన్న 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు, చేతికందేది అంతకంటే తక్కువే. దాని మీద 70, 80 వాట్ల డబ్బా మానిటర్ పెడితే ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టేంత టైమే దొరికేది. 20 వాట్ల ఎల్‌సీడీ వచ్చాక కాస్త ఊపిరాడింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ముంచెత్తినప్పుడు గంజాం నుంచి రాయగడ వైపు దాకా జనం కరెంటు కష్టాలు బాగానే చూశారు. జనరేటరు మీద సిస్టమ్ నడిపినవాడికి స్క్రీన్ టైమ్ ఐదు నిమిషాలకు తగ్గించుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆ ఐదు నిమిషాల సంగతి మర్చిపోవడం మామూలే.

ఇక తెర ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం ఎవరిదన్న గొడవ. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం అనే కరెంటు ఆదా పద్ధతిలో పెత్తనం ఎక్కువగా బయోస్‌ది, అంటే మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాంది. విండోస్‌లో నెవర్ అని పెట్టుకున్నా బయోస్‌లో వేరే టైమర్ నడుస్తూ ఉండొచ్చు. 1996 చివర్లో వచ్చిన ఏసీపీఐ అనే కొత్త పద్ధతి ఆ పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగించింది. లైనక్స్‌లో ఎక్స్ సర్వర్ (తెర మీద విండోలు చూపించే ప్రోగ్రాం) వాడేవాళ్ళకి స్క్రీన్‌సేవర్ టైమర్ వేరు, డీపీఎంఎస్ టైమర్ వేరు, ఒకటి ఆపితే రెండోది పని కానిచ్చేస్తుంది. విండోస్‌లో కూడా స్క్రీన్ ఆగే టైమ్, మొత్తం మిషన్ స్లీప్‌లోకి వెళ్ళే టైమ్ రెండూ వేరు. వీటికి తోడు లాక్ చేశాక తెర ఆగే టైమ్ ఇంకోటి, మామూలుగా నిమిషం. అది పవర్ ఆప్షన్స్‌లో కనబడదు కూడా. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి టీకి వెళ్ళొచ్చేసరికి నల్లబడిందంటే అదే.

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ వచ్చాక ఆ సింక్ తీగలు పోయాయి. సిగ్నల్ ఆగితే మానిటర్ తనే ఇన్‌పుట్లు వెతికి, ఏదీ దొరకక పడుకుంటుంది. కొన్ని మోడళ్ళ మెనూలో డీప్ స్లీప్, ఆటో సోర్స్ అని సొంత సెట్టింగులుంటాయి, విండోస్‌లో ఎంత వెతికినా అవి దొరకవు. మనవైపు పాత వీజీఏ మానిటర్లకి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ తగిలించి నడిపేవాళ్ళు ఎక్కువ. మధ్యలో ఉన్న ఆ చిన్న ముక్క సరిగ్గా మేల్కోకపోతే మానిటర్‌ది తప్పు కాదు, కంప్యూటర్‌దీ కాదు.

కాబట్టి ముందు మానిటర్ లైటు చూడండి. నారింజ రంగో, మిణుకు మిణుకుమంటూనో ఉంటే అది బతికే ఉంది. కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కితే దాని లైటు మారుతోందంటే కంప్యూటర్ కూడా మెలకువగానే ఉంది, ఆగింది తెర ఒక్కటే. కన్వర్టర్ ఉంటే దాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టండి. మెలకువ వచ్చాక విండోస్ టైమర్లు, ఆ తర్వాత మానిటర్ మెనూ చూసుకోవాలి. బండి తీసేది ఇవన్నీ అయ్యాకే.

దీనికి ఎదురు రోగం కూడా ఉంది, ఎంతసేపైనా తెర ఆగకపోవడం. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి powercfg /requests అని కొడితే డిస్‌ప్లే కింద ఏ ప్రోగ్రాం అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే, నున్నటి టేబుల్ మీద ఆప్టికల్ మౌస్ దానంతటదే వణుకుతోందేమో, దాన్ని తిరగేసి పెట్టి పావుగంట ఆగి చూడండి.