ఎమ్మెస్ మందు పనిచేస్తోందని ఎట్లా తెలుస్తుంది?

మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటిందంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల పొరను దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లలో చాలామందికి చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. మందు పనిచేయట్లేదన్న భయం పట్టుకుంటుంది. తొందరపడి మానేయకండి. నరం మీది మైలిన్ పొర ఊడిన చోట ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం ఆగిపోతుంది. వ్యాయామం చేశాక రోగుల చూపు తగ్గడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు. నీడపట్టున కూర్చుని తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటే సర్దుకుంటుంది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా ఇట్లాగే ఏమారుస్తాయి. ఇవేవీ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటినా తగ్గకపోతే రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) అని అనుమానించి వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

ఒంటికి తెలియకుండా మెదడులో పడే మచ్చలను పట్టేది ఎమ్మారై. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ అనే ఎమ్మెస్ సూదిమందులు పూర్తిగా పట్టడానికి నెలలు కావాలి. ఆలోపు పడిన మచ్చలను మందు ఖాతాలో వేయడం అన్యాయం. అందుకే మొదలుపెట్టిన 3 నుంచి 6 నెలలకు ఒక స్కాన్ తీసి, ఆ తర్వాత ఏటా తీసేవాటిని దానితోనే పోల్చాలి. ఈసారి హన్మకొండలో 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషిన్, వచ్చేసారి హైదరాబాద్‌లో 3 టెస్లా అయితే, పాత మచ్చే కొత్తదిలా బయటపడొచ్చు. స్కాన్ మెదడును ముక్కలుగా చూపిస్తుంది; 5 మిల్లీమీటర్ల మందం ముక్కల్లో సన్న మచ్చ కలిసిపోతుంది, ముక్క మందం 3 మిల్లీమీటర్లకు మించొద్దు. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి దాచుకోండి.

ఇంట్లో చేయగలిగేది నడక పరీక్ష. వరండాలో 25 అడుగుల దూరానికి రెండు సుద్ద గీతలు గీయండి. పొద్దున చల్లపూట, ప్రతిసారీ అవే చెప్పులతో, పడిపోకుండా వీలైనంత వేగంగా రెండుసార్లు నడిచి సగటు రాయండి. 6 సెకన్లు పట్టేది 7.2 దాటి, నెలల తరబడి అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించాలి.

మందు మార్చేముందు సూది ఎట్లా తెచ్చారో కూడా చూడాలి. ఇంటర్‌ఫెరాన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. హైదరాబాద్ నుంచి ఎండలో బస్సులో తెస్తే వేడికి పాడవుతుంది, ఐస్‌కు ఆనించి గడ్డకట్టించినా పాడే. అసలు జబ్బు ఎమ్మెస్సేనా అన్నదీ మళ్లీ అడగాలి. దాన్ని పోలిన ఎన్ఎంఓ (కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా) అయితే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ అనే ఎమ్మెస్ మాత్ర జబ్బును ఇంకా ముదిరిస్తాయి. ఎన్ఎంఓను పట్టే ఆక్వాపోరిన్-4 రక్తపరీక్ష చేయించారా లేదా ఫైల్లో వెతకండి, లేకపోతే అడిగి చేయించుకోండి.