మంచు మీదికి వెళ్ళే మనవలకి, పర్లాకిమిడి నుంచి

పర్లాకిమిడి.

చిరంజీవులు చిట్టికి, బాబ్జీకి అమ్మమ్మ ఆశీస్సులు.

రాయగడలో సిమెంటు నేల మీద చక్రాల స్కేట్లతో తిరిగే మీరిద్దరూ ఈ వేసవి సెలవులకి డెహ్రాడూన్ వెళ్ళి, మంచు మీద ఫిగర్ స్కేటింగ్ నేర్చుకోబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. వెంటనే "తలా రెండు స్వెట్టర్లు, ఒక మందపాటి జాకెట్టు కొనేస్తే సరిపోతుందా అమ్మా" అని అడిగింది. ఫోన్లో చెబితే దాని చెవి సగం నా మీద, సగం పొయ్యి మీద పాల మీద ఉంటుంది. అందుకని మీకే రాస్తున్నాను. తొడుక్కునేది మీరే కదా. ఒత్తుల దగ్గర ఎక్కడైనా ఆగిపోతే అమ్మ చేత చదివించుకోండి.

ఈవిడకేం తెలుసు అనుకుంటారేమో. మిన్నెసోటాలో మీ పెద్దమ్మ దగ్గర ఉన్నప్పుడు, మీ అక్క స్కేటింగ్ క్లాసు అయ్యేదాకా రింకు (స్కేటింగ్ కోసం నేలంతా మంచు గడ్డకట్టించిన హాలు) పక్క బెంచీ మీద కూర్చునేదాన్ని నేనే. దాని స్కేటింగ్ బట్టలు చాలామటుకు కుట్టిందీ నేనే. అక్కడ చూసిందే మీకు చెబుతున్నాను.

రెండు స్వెట్టర్లూ మందపాటి జాకెట్టూ సరిపోవు. పైగా అడ్డం. డిసెంబరులో సెమిలిగుడ వెళ్ళినప్పుడు మీకు అలాగే తొడిగారు, బాగానే ఉంది. కానీ అప్పుడు మీరు జీపులో ముడుచుకుని కూర్చున్నారు. రింకులో అలా కూర్చోరు. పది నిమిషాలు తిరిగేసరికి ఒళ్ళంతా చెమట పడుతుంది. తర్వాత కోచ్ పిలిచి నిలబెట్టి ఏదో చెబుతారు. మీ వంతు కోసం గోడ పట్టుకుని నిలబడాలి. చలి పట్టుకునేది అప్పుడే. తిరుగుతున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. అందుకే స్కేటింగ్ పిల్లలకి తిరగడానికి ఒక బట్ట, ఆగినప్పుడు పైన వేసుకోవడానికి ఇంకో బట్ట కావాలి. ఈ రెండో దానికి జిప్పు ఉండాలి. తల మీంచి లాగి తొడిగే స్వెట్టరైతే గ్లవ్స్ వేసుకున్న చేతులతో, హెల్మెట్ పెట్టుకున్న తలతో విప్పలేక, వేసుకోలేక, అలాగే వణుకుతూ నిలబడిపోతారు. జిప్పు జాకెట్టు గోడ మీద పెట్టుకోండి. ఒళ్ళు వేడెక్కగానే తీసెయ్యండి, ఆగీ ఆగగానే వేసేసుకోండి. "ఇంకా చలెయ్యడం లేదులే" అని ఊరుకోకండి. చలి వేసిన తర్వాత జాకెట్టు వేసుకుంటే ఒళ్ళు మళ్ళీ వెచ్చబడడానికి చాలాసేపు పడుతుంది.

రింకులో మంచు సున్నాకి మూడు నాలుగు డిగ్రీలు కిందే ఉంటుంది. చలి కింద నుంచి, పాదాల దగ్గర నుంచి మొదలవుతుంది. డెహ్రాడూన్ రింకు 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టినది. చాలా ఏళ్ళు మూతపడి ఉండి, 2025లో మళ్ళీ తెరుచుకుంది. మీరు వెళ్ళేది మే నెలలో. బయట ఎండ మాడ్చేస్తుంటుంది, తలుపు దాటితే చలి. స్కేటింగ్ బట్టలు బస నుంచే తొడుక్కుని ఎండలో వెళ్ళారంటే లోపల అడుగు పెట్టేసరికే లోబట్ట చెమటతో తడిసి ఉంటుంది. సంచిలో తీసుకెళ్ళి అక్కడే మార్చుకోండి.

ఇప్పుడు మీ అమ్మకి నచ్చని మాట ఒకటి. ఒంటిని అంటుకుని ఉండే బట్ట కాటన్ది వద్దు. కాటన్ లెగ్గింగూ వద్దు, కాటన్ బనీనూ వద్దు. మన ఎండలకి కాటన్ని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటాను. వేసవిలో కాటన్ చీర తప్ప నేను వేరేది కట్టను. అయితే అది మనకి హాయిగా ఉండడానికి కారణమే అక్కడ కొంప ముంచుతుంది. కాటన్ చెమటని పీల్చి పట్టుకుని ఉంచుతుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన మట్టికుండ గోడలోంచి నీళ్ళు ఊరి, ఆరి, లోపలి నీళ్ళని చల్లబరిచినట్టే. మే నెలలో కుండ చల్లగా ఉండాలి గానీ, మంచు మీద మీ వీపు చల్లబడకూడదు. పాలియెస్టర్ దారం నీళ్ళని దాదాపు పీల్చదు. చెమట బట్ట పైకి పాకి ఆరిపోతుంది. ఆటల కోసం అమ్మే పల్చటి, సాగే పూర్తి చేతుల బనీను అలాంటిదే. దుకాణంలో ధర్మల్ అని చూపిస్తారు. అందులో కాటన్ ఎంత ఉందో లోపలి చీటీ చదివి కొనమని అమ్మకి చెప్పండి.

ఉన్ని సంగతి వేరు. నిజమైన ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, వెచ్చదనం పోదు. మన జిల్లాలో మోహన దగ్గర చంద్రగిరిలో 1963 నుంచి టిబెట్ వాళ్ళు ఉంటున్నారు కదా. చలికాలం వచ్చిందంటే వాళ్ళు ఊళ్ళలో స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. సరుకు చాలావరకు లుధియానా నుంచి వచ్చేదే. వాటిలో ఉన్ని ఏదో, యాక్రిలిక్ ఏదో చేత్తో తడిమితే తెలియదు. నేను లోపలి కుట్టు దగ్గర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల మీద పెడతాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, వేళ్ళ మధ్య నలిపితే బూడిద అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. ఈ పని మీరు చెయ్యకండి, అమ్మ చేస్తే పక్కన నిలబడి చూడండి. యాక్రిలిక్ అని తేలినా పారేసేంత చెడ్డదేం కాదు. గోడ మీద పెట్టుకునే పై జాకెట్టుగా పనికొస్తుంది. ఒంటికి అంటుకునే బట్టగా మాత్రం కొనకండి. జాకెట్టుకి నా ఓటు ఫ్లీస్‌కి. 1979లో అమెరికాలో మాల్డెన్ మిల్స్ వాళ్ళు తయారుచేసిన పాలియెస్టర్ బట్ట అది. తేలిక, త్వరగా ఆరుతుంది, ఉన్నిలా గుచ్చదు.

జాకెట్టు ఎంత మందంగా ఉండాలో కొట్లోనే చూసుకోవచ్చు. వేసుకుని రెండు చేతులూ గుండెకి అడ్డంగా గట్టిగా దగ్గరకి లాక్కోండి. చంకల దగ్గర బట్ట ముద్ద కట్టి మోచేతులు ఒంటికి ఆనకపోతే అది వద్దు. గాల్లో తిరగాలంటే చేతులు ఒంటికి అతుక్కోవాలి. చేతులు దూరంగా ఉంటే తిరుగుడు నెమ్మదిస్తుంది. తర్వాత గొంతుక్కూర్చోండి. వీపు కింద జాకెట్టు పైకి లేచి నడుము కనబడితే అదీ వద్దు. "పెరిగే పిల్లలు, వచ్చే ఏడాదికీ వస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు మన ఇళ్ళలో ఉంది. స్కూలు యూనిఫాంకి సరే. ఇక్కడ వదులు ప్యాంటు అంచు బూటు అడుగున ఉండే బ్లేడు కింద పడితే మొహం మీద పడతారు. బూట్లయితే అసలే వద్దు. స్కేటింగ్ బూటులో మడమ కదిలిందంటే బ్లేడు మీద అదుపు పోతుంది.

ఆ బూట్లలోకి మందపాటి ఉన్ని మేజోళ్ళు వేసుకుంటే వెచ్చగా ఉంటుందని మీ నాన్న అంటాడు. అనుభవం మీద చెబుతున్నాను, వినకండి. మందం మేజోడు బూటులో పాదాన్ని నొక్కేస్తుంది, రక్తం సరిగ్గా ఆడదు, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. బూటు కొనేటప్పుడు ఏ మందం మేజోడుతో చూసుకున్నారో ఎప్పుడూ అదే మందం వేసుకోవాలి. అదీ పల్చటిది. రింకు వదలగానే చెమట పట్టిన మేజోళ్ళు తీసి పొడివి వేసుకోవాలి. కాబట్టి ఎక్కువ జతలు పట్టుకెళ్ళండి.

చేతులకి పల్చగా, సాగే అల్లిక గ్లవ్స్, తలా రెండు జతలు. పడ్డప్పుడల్లా ఒక జత తడుస్తుంది. ఇవి చలికి మాత్రమే కాదు. మంచు మీద పడినప్పుడు వేళ్ళు చాచి ఉంచితే, పక్క నుంచి వచ్చే పిల్లల బ్లేడు వాటి మీదుగా పోవచ్చు. పడ్డ వెంటనే పిడికిలి బిగించి లేవడం మీ కోచ్ మొదటి రోజే నేర్పుతారు. గ్లవ్ ఆ పిడికిలికి ఇంకొంచెం కాపు.

మంకీ క్యాప్ ఇంట్లో వదిలెయ్యండి. మీ తాతగారికి తెలిస్తే బాధపడతారు గానీ, అది పెట్టుకుంటే పక్క నుంచి వచ్చేవాళ్ళు కనబడరు, కోచ్ పిలుపూ సరిగ్గా వినబడదు. చెవులకి అడ్డంగా ఒక పట్టీ చాలు. మొదట్లో హెల్మెట్ పెట్టుకుంటారు కాబట్టి దాని కిందకి పల్చటి టోపీ పడుతుంది. మఫ్లర్లు, వేలాడే తాళ్ళు వద్దు. చిట్టీ, కాళ్ళ పట్టీలు, గాజులు, హెయిర్ పిన్నులు తీసి పెట్టెలో పెట్టు. మంచు మీద రాలిన ఒక్క పిన్ను బ్లేడుకి తగిలితే మనిషి బోర్లా పడతాడు. జడ బిగించి రబ్బరు బాండు వేసుకో. జేబుల్లో చాక్లెట్లు, ఫోను, గోళీలు ఏవీ ఉండకూడదు. ఈ మాట బాబ్జీకి.

చిట్టీ, నువ్వు పొట్టి పావడా వేసుకుంటే పక్కింటివాళ్ళు ఏమంటారో అని మీ అమ్మకి బెంగగా ఉందని నాకు తెలుసు. ఈ కథ దానికి చదివి వినిపించు. 1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో మ్యాడ్జ్ సయర్స్ అనే ఆవిడ మగవాళ్ళతో పోటీపడి రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం ఉల్రిక్ సాల్కోది. మీకు సాల్కో అని నేర్పబోయే గెంతు ఆయన పేరు మీదిదే. ఆ తర్వాత ఆడవాళ్ళని ఆ పోటీకి రానివ్వకూడదని పెద్దలు తీర్మానించారు. వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి, పొడుగు పావడాల వల్ల పాదాలు కనబడడం లేదని. సయర్స్ పావడాని పిక్కల దాకా కుదించుకుంది. 1908లో ఒలింపిక్ బంగారు పతకం గెలిచింది. 1924 ఒలింపిక్స్‌కి సోన్యా హెనీ వచ్చినప్పుడు దానికి పదకొండేళ్ళు. చిన్నపిల్ల కాబట్టి మోకాళ్ళ పైకి ఉన్న పావడా. ఆ ఏడు అందరికంటే ఆఖరున వచ్చింది. 1928, 1932, 1936లో వరసగా మూడు బంగారు పతకాలు పట్టుకెళ్ళింది. పావడా పొట్టిదవడం వెనక ఇంత ఉంది.

అలాగని నువ్వు వేసుకునే తీరాలని లేదు. అంతర్జాతీయ పోటీల్లో ఆడపిల్లలు ప్యాంటు వేసుకోవచ్చని 2004లోనే ఒప్పుకున్నారు. నేర్చుకునేటప్పుడు నల్ల రంగు సాగే ప్యాంటు అన్నిటికంటే సుఖం. లోపల ఫ్లీస్ పొర ఉన్నది దొరికితే మరీ మంచిది. పడ్డ తడి నలుపులో కనబడదు. లోపల మోకాలి ప్యాడ్లు, తుంటికి మెత్త కూడా పడతాయి. జీన్స్ మాత్రం ఇద్దరికీ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, కాలు ఎత్తనివ్వదు. పావడా వేసుకునే రోజున కింద ఒంటిరంగు మందపాటి టైట్స్ ఉంటాయి, కాళ్ళకి చలి తగలదు. బాబ్జీ, టైట్స్ ఆడపిల్లలవని మొహం ముడుచుకోకు. ప్యాంటు లోపల వేసుకుంటే ఎవరికీ కనబడవు.

తళుకుల సంగతి ఒకటుంది. ఫొటోల్లో చూసి చెమ్కీలు కుట్టిన డ్రెస్సు కావాలన్నావట. ఇప్పుడే వద్దు. పోటీల్లో బట్ట మీది అలంకారం ఊడి మంచు మీద పడితే ఒక మార్కు తీసేస్తారు. అలాంటి డ్రెస్సు కుడితే ప్రతి చెమ్కీకి విడిగా ముడి వెయ్యాలి. ఒకే దారంతో లాక్కుంటూ పోతే ఒక్కచోట తెగిందంటే వరసంతా రాలుతుంది. సాగే బట్టకి మామూలు తిన్నని కుట్టు కూడా పనికిరాదు. బట్ట సాగుతుంది, దారం సాగదు. కాలు ఎత్తగానే పటుక్కున తెగుతుంది. జిగ్‌జాగ్ కుట్టు వెయ్యాలి. మీ వీధిలో కుట్టే అతనికి ఇస్తే ఈ మాట ముందే చెప్పమనండి.

ఉతకడం మీరే నేర్చుకోండి. చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బు, గట్టిగా పిండకూడదు, నీడలో ఆరెయ్యాలి. సువాసన కోసం పోసే కండిషనర్ వద్దు. అది దారాలకి పూతలా పట్టి, చెమట పైకి పాకకుండా చేస్తుంది. ఇస్త్రీ అసలే వద్దు. బూట్లు ఇంటికి రాగానే తాళ్ళు వదులు చేసి నోరు తెరిచి పెట్టాలి, బ్లేడు పొడిగుడ్డతో తుడవాలి. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే. అది వేసి సంచిలో దాచేస్తే లోపల తడి ఉండిపోయి తుప్పు పడుతుంది.

చిట్టి డ్రెస్సు నేను కుడతాను, మే మొదటివారంలోగా పంపిస్తాను. కొలతలు కావాలి. ఛాతీ, నడుము, తుంటి ఎలాగూ రాస్తారు. వాటితో పాటు ఇంకొకటి తప్పకుండా తియ్యాలి. టేపు ఒక కొస భుజం మీద పెట్టి, ముందు నుంచి కిందకి దించి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తెచ్చి, మళ్ళీ అదే భుజం దాకా. వదులు ఇవ్వకుండా, బిగించకుండా, తిన్నగా నిలబడి ఉండగా తియ్యమని అమ్మకి చెప్పండి. ఈ కొలత లేకుండా కుడితే కాలు ఎత్తినప్పుడల్లా భుజాలు కిందకి లాగుతుంటాయి. బాబ్జీ ప్యాంటుకి నడుము నుంచి మడమ దాకా ఒకసారి నిలబడి, ఒకసారి మోకాలు మడిచి, రెండు కొలతలూ రాయండి. అంగుళాల్లోనే రాయండి, నా టేపు మీద సెంటీమీటర్ల వైపు అరిగిపోయింది.

ఇట్లు,
మీ అమ్మమ్మ