గాలి తెలుస్తుంది, గిద్దలూరు తెలియదు

2019 అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని గిద్దలూరులో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికి 81,035 ఓట్ల మెజారిటీ వచ్చింది. ఆ ఏడాది రాష్ట్రంలో పులివెందుల తరువాత అంత పెద్ద మెజారిటీ మరెక్కడా రాలేదు. అయిదేళ్లు తిరిగాక, 2024 జూన్ 4న, అదే గిద్దలూరులో తెలుగుదేశం అభ్యర్థి 973 ఓట్ల తేడాతో గెలిచారు. ఒక మోస్తరు పెద్ద పోలింగ్ బూత్‌లో ఉండే ఓటర్ల కంటే అది తక్కువ. ఎన్నికల ముందు కానీ, పోలింగ్ అయిన సాయంత్రం కానీ, ఎవరైనా ఒక సర్వే చేసి ఈ 973ను పట్టుకోగలిగి ఉండేవారా అన్నది అడగదగిన ప్రశ్న. టీవీలో రాష్ట్రం లెక్క చెప్పిన వెంటనే మనం అడిగేది ఎప్పుడూ మన నియోజకవర్గం సంగతే కదా.

సర్వే అంటే కొందరిని అడిగి అందరి మాట చెప్పడం. ఇది బూటకమని కొట్టిపారేసేవారు మన రచ్చబండల దగ్గర చాలామంది ఉన్నారు కానీ, దాని వెనుక ఉన్న గణితం గట్టిది. విందుకు గంగాళం నిండా వండిన పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి వంటమనిషి గంగాళమంతా తాగడు. గరిటెడు అరచేతిలో పోసుకుని చప్పరిస్తాడు. చిన్న గిన్నెలో వండినా, పెద్ద గంగాళంలో వండినా చప్పరించేది అంతే. అలాగే, వెయ్యి మందిని ఎటువంటి ఎంపికా లేకుండా, చీట్లు తీసినట్టు తీసి అడిగితే, వచ్చే జవాబు అసలు సంఖ్యకు సుమారు 3 శాతం అటూ ఇటూగా ఉంటుందని నూటికి తొంభై అయిదుసార్లు నమ్మవచ్చు. ఆ వెయ్యి మంది ఒక జిల్లా వారైనా, దేశమంతటి వారైనా ఈ 3 శాతం మారదు.

అయితే ఈ ఉపమానానికి ఒక షరతు ఉంది. పులుసు బాగా కలిసి ఉండాలి. నెల్లూరు చేపల పులుసు వండేవారికి తెలుసు, అందులో గరిటె పెట్టి కలపకూడదు, ముక్క చితికిపోతుంది. గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. తిప్పడం చాలకపోతే ఉప్పు ఒక పక్కనే ఉండిపోతుంది. మన ఊళ్ల ఓట్లు కలపని పులుసు వంటివి. ఒక వీధిలో ఒకే కులం వారు, ఒకే వంశం వారు ఉంటారు. చేపలు పట్టేవారి పట్టపుపాలెం ఊరికి దూరంగా సముద్రం ఒడ్డున ఉంటుంది. యానాదుల కాలనీ చెరువు కట్ట కింద ఉంటుంది. వీధిలో ఒకరు ఎటు ఆలోచిస్తున్నారో తెలిస్తే పక్కింటి వారి ఆలోచన సగం తెలిసినట్టే. అందువల్ల ఒకే చోట ఇరవై మందిని అడిగితే ఇరవై జవాబులు వచ్చినట్టు కాదు. దీనికి గణాంకశాస్త్రంలో ఒక లెక్క ఉంది: ఒక చోటి వారి మధ్య పోలిక (అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) స్వల్పంగా, అంటే 0.1 మాత్రమే ఉందనుకున్నా, ఇరవై మంది చొప్పున యాభై చోట్ల తీసిన వెయ్యి మంది నమూనా, విడివిడిగా తీసిన 345 మందితో సమానమవుతుంది. 3 శాతం అనుకున్న పొరపాటు అప్పుడు 5 శాతం దాటుతుంది. సర్వే సంస్థలు తెర మీద వేసేది ఆ మొదటి అంకెనే.

ఇప్పుడు నియోజకవర్గానికి వద్దాం. రాష్ట్రంలో 175 స్థానాలున్నాయి. ఒక సంస్థ పదివేల మందిని అడిగిందనుకుంటే, వినడానికి పెద్ద సంఖ్యే, ఒక్కో స్థానానికి 57 మంది వస్తారు. ఆ 57 మందిని ఎంత చక్కగా ఎంపిక చేసినా పొరపాటు 13 శాతం. అది కూడా ఒక పార్టీ ఓటు శాతంలో. ఇద్దరి మధ్య తేడాలో అయితే అందుకు రెట్టింపు. గిద్దలూరులో తేలిన తేడా, ఆ ఇద్దరికీ పడిన ఓట్లలో అర శాతం. అంత తేడాను నమ్మకంగా చెప్పాలంటే ఆ ఒక్క నియోజకవర్గంలోనే ఎనభై వేల పైచిలుకు మందిని అడగాలి. దానికి సర్వే అని పేరెందుకు, ఎన్నికే పెట్టుకోవచ్చు. నెల్లూరు సిటీలో 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి అనిల్ కుమార్ యాదవ్‌కు 75,040, తెలుగుదేశం అభ్యర్థి పొంగూరు నారాయణకు 73,052 ఓట్లు వచ్చాయి. తేడా 1,988. అక్కడ కూడా ఇరవై వేల మందికి అటూ ఇటూగా అడిగితే కానీ ఎవరు ముందున్నారో చెప్పలేని పరిస్థితి. అదే నారాయణ 2024లో 72 వేలకు పైగా మెజారిటీతో గెలిచినప్పుడు మాత్రం రెండు మూడు వందల మందిని అడిగినా సరిపోయేది. దగ్గరి పోటీ ఉన్న చోట సర్వే చేతులెత్తేస్తుంది, పోటీ లేని చోట దాని అవసరం ఉండదు.

మరి సంస్థలు స్థానాల సంఖ్య ఎలా చెబుతున్నాయి? సామాన్యంగా జరిగేది ఏమిటంటే, రాష్ట్రమంతటా ఓటు ఎంత కదిలిందో అంచనా వేసి, ఆ కదలికను పాత ఫలితాల మీద సమంగా రుద్దుతారు. దీన్నే స్వింగ్ అంటారు. అంటే మన నియోజకవర్గం గురించి తెర మీద కనిపించే అంకె చాలాసార్లు మన నియోజకవర్గంలో అడిగి రాబట్టింది కాదు, కూడికలు తీసివేతలతో పుట్టింది. ఈ పద్ధతిని గిద్దలూరుకే వేసి చూద్దాం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తెలుగుదేశం కంటే రాష్ట్రంలో దాదాపు 11 శాతం ముందుంది. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి కంటే దాదాపు 16 శాతం వెనుకబడింది. తేడాలో వచ్చిన కదలిక 27. గిద్దలూరులో 2019 నాటి ఆధిక్యం సుమారు 40 శాతం. 40లో నుంచి 27 తీసేస్తే ఇంకా 13 మిగలాలి, ఆ పార్టీయే సునాయాసంగా గెలవాలి. గెలవలేదు. అదే ఉమ్మడి ప్రకాశంలోని దర్శిలో ఆ పార్టీకి 2019 మెజారిటీ దాదాపు 39 వేలు, అంటే సుమారు 20 శాతం. సూత్రం ప్రకారం అక్కడ ఓడిపోవాలి. రాష్ట్రమంతా 11 స్థానాలకే పరిమితమైన ఆ పార్టీ దర్శిలో రెండున్నర వేల లోపు మెజారిటీతో నిలబడింది. ఒకే జిల్లాలో, ఒకే రోజున, ఒకే సూత్రం రెండు చోట్లా తప్పింది, అదీ రెండు వైపులకు.

కారణం వెతకడానికి గణితం బయటికి రావాలి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ గిద్దలూరు ఎమ్మెల్యేను మార్కాపురానికి, మార్కాపురం ఎమ్మెల్యేను గిద్దలూరుకు పంపింది. రెండు చోట్లా ఓడింది. దర్శిలో మాత్రం సిట్టింగ్‌ను పక్కనపెట్టి, అంతకుముందు అక్కడి నుంచే ఎమ్మెల్యేగా చేసిన, ఆ ప్రాంతంలో ఇంటిల్లిపాదికీ తెలిసిన కుటుంబం మనిషిని నిలిపింది. ఓటరు పార్టీని ఎంత చూస్తాడో, పెళ్లికి పిలిస్తే వచ్చే మనిషా కాదా అన్నదీ అంతే చూస్తాడు. 2014లో చీరాలలో ప్రధాన పార్టీలు రెండూ కాకుండా నవోదయం అనే చిన్న పార్టీ పేరుతో నిలబడిన ఆమంచి కృష్ణమోహన్ గెలిచారు. అటువంటి గెలుపుకు రాష్ట్రస్థాయి సర్వే పట్టికలో గడి కూడా ఉండదు, ‘ఇతరులు’ అన్న వరుసలో కలిసిపోతుంది.

ఇక్కడ రెండు జిల్లాలను పక్కపక్కన పెట్టి చూడటం బాగుంటుంది. ఉమ్మడి నెల్లూరులోని పది స్థానాలూ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌వి, 2024లో పదీ తెలుగుదేశంవి. ఉమ్మడి ప్రకాశంలోని పన్నెండులో గాలికి ఎదురు నిలిచినవి 2019లో నాలుగు (చీరాల, పర్చూరు, అద్దంకి, కొండపి), 2024లో రెండు (దర్శి, యర్రగొండపాలెం). నెల్లూరు గాలితో పోతుంది, ప్రకాశం గాలిని ఆపి పేరడుగుతుంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పకుండా ఆపేది 2014: రాష్ట్రంలో తెలుగుదేశం, బీజేపీలకు 106 స్థానాలు వచ్చిన ఆ ఎన్నికలో నెల్లూరు పదిలో ఏడు వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. అప్పుడు రెండు పక్షాల మధ్య తేడా సుమారు 2 శాతమే. గాలి పలచగా ఉన్నప్పుడు స్థానిక సంగతులు పైకి తేలతాయి, ఉధృతంగా ఉన్నప్పుడు మునిగిపోతాయి. సర్వేలు బాగా పనిచేసేది కూడా ఆ రెండో రకం ఎన్నికలోనే, అదీ దిశ వరకే. 2024లో ఇండియా టుడే–యాక్సిస్ మై ఇండియా కూటమికి 98 నుంచి 120 అంది, వచ్చినవి 164. దిశ ఒప్పు, లెక్క చాలా దూరం. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లతో 23 స్థానాలు వస్తే, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అంతే ఓట్లతో 11 వచ్చాయి. ఓటు శాతాన్ని ఖచ్చితంగా పట్టుకున్న సంస్థ కూడా స్థానాల దగ్గర బోర్లాపడటానికి ఈ ఒక్క అంకె చాలు.

ఇంతవరకూ అడిగినవారు నిజమే చెప్పారన్న నమ్మకంతో మాట్లాడుకున్నాం. 2024 ఏప్రిల్‌లో కనిగిరి వైపు ఒక ఊళ్లో, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉండగా ట్యాబ్ పట్టుకున్న కుర్రవాడొకడు వచ్చాడు. అతను మొదట అడిగింది కూలి పనికి పోయి వస్తున్న ఒక ముసలావిడను. ఆమె గంప దించి, ‘‘నువ్వు ఎవురి తరఫున వచ్చినావో ముందు అది చెప్పు అబ్బయ్యా’’ అంది. ఎవరి తరఫునా కాదని అతనన్నాడు. ‘‘ఎవురి తరఫునా కాకుండా ఈ ఎండలో ఎవురొస్తారు? అందరికీ ఏస్తామనే చెప్తాం నాయనా, ఏసేది ఒకరికేగా’’ అని నవ్వి గంప ఎత్తుకుంది. అతను ట్యాబ్‌లో ఏదో నొక్కాడు.

ఆమె జాగ్రత్తను అమాయకత్వమని కానీ, గడుసుతనమని కానీ అనుకోనక్కరలేదు. మన ఓటు రహస్యమే కానీ మన బూత్ ఓటు రహస్యం కాదు. లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది, ఫారం 20 అనే ఫలితాల పత్రంలో ప్రతి బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో బయటపెడతారు. వెయ్యి మంది ఉన్న బూత్‌లో ఏ వీధి ఎటు పోయిందో ఊరి పెద్దలకు ఆ రాత్రికే తెలిసిపోతుంది. కాగితం బ్యాలెట్ల కాలంలో పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎంలకు కూడా పద్నాలుగు బూత్‌లను కలిపి లెక్కించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. అది ఇంతవరకు అమలుకు రాలేదు. పైగా 2019 నుంచి ప్రతి యాభై ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున ఇంటింటి వివరాలు తెలిసిన ఏర్పాటు నడిచిన చోట, ట్యాబ్ పట్టుకుని పింఛను గురించీ ఓటు గురించీ ఒకే దమ్మున అడిగేవాడికి అధికార పక్షం పేరు చెప్పడం ఖర్చు లేని పని. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వారి లోక్‌నీతి బృందం ఓటర్ల జాబితా నుంచి పేర్లు తీసి, ఇంటికి వెళ్లి, నమూనా బ్యాలెట్ కాగితమూ డబ్బా చేతికిచ్చి, చాటుగా గుర్తు వేసి అందులో వేయమంటుంది. మందకొడి పద్ధతి, ఖరీదైనది; నా మట్టుకు నేను నమ్మదగినదిగా భావించేది అదే. ఫోన్‌లో ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే సర్వేల గురించి చెప్పేదేమీ లేదు, నొక్కింది ఇంట్లో పిల్లలో పెద్దలో కూడా తెలియదు.

ఇంకొక వర్గం అసలు అడగడానికే దొరకదు. ప్రకాశం పడమటి మండలాల నుంచీ, ఉదయగిరి మెట్ట నుంచీ బేల్దారి పనులకూ, చిన్న వ్యాపారాలకూ హైదరాబాదు, బెంగళూరు, చెన్నై పోయినవారి ఇళ్లకు ఏప్రిల్‌లో తాళాలే ఉంటాయి. 2024 మే 13కు ముందు రెండు రోజులు బస్సుల్లో నిలబడటానికి చోటు లేకుండా వచ్చి, ఓటు వేసి, మర్నాటికి వెళ్లిపోయిన వారు వీరే. ముందస్తు సర్వేకు వీరు లేరు, తరువాతి ఎగ్జిట్ పోల్‌కూ లేరు. ఎగ్జిట్ పోల్ అని పేరే కానీ, బూత్ బయట నిలబడి అడిగేవి కొన్నే. చాలావరకు సాయంత్రమో మర్నాడో ఇళ్లకు వెళ్లి అడిగేవే.

సరిగ్గా చెప్పినవారు కూడా ఉన్నారు కదా అని ఎవరైనా అంటారు. ఉన్నారు. 2024లో కేకే సర్వేస్ కూటమికి 161 అంది, మూడే తేడా. అదే ఏడాది అక్టోబరులో హర్యానాలో ఆ సంస్థతో సహా దాదాపు అన్ని ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్ గెలుస్తుందన్నాయి; గెలిచింది బీజేపీ. ఎన్నికల అంచనాలు చెప్పే మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ మాటకు ఒకప్పుడు మన దగ్గర ఎంత విలువ ఉండేదో, పందేలు కాసినవారు ఎందరో తెలిసిందే. 2019లో ఆయన తెలుగుదేశానికి 100కు పది అటూ ఇటూ అన్నారు. ఇరవై మంది ఇరవై అంకెలు చెప్పినప్పుడు ఎవరో ఒకరిది తగులుతుంది. తగిలినవాడు పద్ధతి వల్ల తగిలాడా అన్నది తరువాతి రెండు మూడు ఎన్నికల్లో తేలాల్సిన విషయం, అప్పటికి మనం వేరొకరి వెంట పడతాం.

కనిగిరి దగ్గరి ఆ కుర్రవాడికి ఆ ఊళ్లో ఇరవై మందిని అడగాలని లెక్క ఇచ్చారట. ముసలావిడ దగ్గర నొక్కింది ‘చెప్పలేను’ అన్న గడి అని తరువాత టీ తాగుతూ చెప్పాడు. ఆ రోజు అటువంటివి ఆరు వచ్చాయనీ, ఎక్కువ వస్తే ఆఫీసులో ఊరుకోరనీ, ఆ ఆరింటినీ అక్కడే మిగతావారి నిష్పత్తిలో పంచేస్తారనీ అన్నాడు. చీకటిపడే వేళకు పదిహేడు అయ్యాయి. ఎస్సీ కాలనీ కిలోమీటరు దూరం, ఆఖరి బస్సు ఏడింటికి. మిగిలిన ముగ్గురినీ అతను ఆ టీ కొట్టు బల్ల మీదే పూర్తి చేశాడు. అందులో ఒకణ్ణి నేను. నాది ఆ నియోజకవర్గం కాదని చెప్పినా, పరవాలేదు సార్ అన్నాడు.